వేడి గదిలో శవాసనం

బరాంకియా ఊళ్ళో కార్నివాల్ పండుగ దగ్గరపడితే ఎనిల్దా కుట్టుమిషన్‌కు నిద్ర ఉండదు. ఆ ఏడు కొత్తగా పావడాలు కుట్టించుకోవడానికి వచ్చిన డోన్యా క్లెమెన్సియా అనే కలవారింటావిడ, ఎనిల్దా నడుం పట్టుకుని లేవడం చూసి అంది:

"నాతో వేడి యోగాకి రా. గదిని పొయ్యిలా కాగబెడతారు. నడుం వెన్నలా కరుగుతుంది."

"మనూళ్ళో గదిని కాగబెట్టడం కూడానా అమ్మగారూ? మా రేకుల కింద ఉచితంగానే ఉడుకుతున్నాం!"

"మా టీచర్ని చూస్తే అలా అనవులే. ఆనంద అని, ఇండియాలో నేర్చుకుని వచ్చింది."

ఫోన్లో ఫోటో చూపించింది. జుట్టు ముడేసుకుని కళ్ళు మూసుకున్న ఆ పిల్ల ఎనిల్దా కూతురు యురానిస్. పక్కనున్న కార్తహేనా ఊరు దాటి ఎరగని పిల్ల. ఎనిల్దాకు నవ్వొచ్చింది. అమ్ముకునేవాళ్ళు సరుకును నాలుగు మాటలు ఎక్కువే పొగుడుతారు, దానికేం? వ్యాయామం నేర్పుతున్నానంటుందే గానీ, ఒక్కసారి రమ్మని పిలవలేదు. చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దామని ఎనిల్దా అది తన కూతురని క్లెమెన్సియాకు చెప్పలేదు.

గదిలో అడుగుపెట్టగానే ముఖానికి ఆవిరి కొట్టింది. చుట్టూ అద్దాలు, చెమట వాసన. ఎనిల్దా చివరి వరుసలో చాప పరిచింది. యురానిస్ లోపలికొచ్చి, తల్లిని చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత చూపు తిప్పుకుంది.

"కొత్తవాళ్ళు నెమ్మదిగా చేయండి."

పనిలో ఉన్నప్పుడు సొంతవాళ్ళని పలకరించకూడదేమో అనుకుంది తల్లి. వంగింది, కళ్ళలోకి చెమట కారింది. కూతురు పక్కకొచ్చి వీపు మీద వేళ్ళు ఆనించింది.

"ఊపిరి వదలండి, సెన్యోరా."

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తల్లిని పరాయి ఆడవాళ్ళని పిలిచినట్టు సెన్యోరా అనడం, మీరు అనడం అదే మొదలు.

చివర్లో దీపాలు తగ్గించి అందరినీ శవాసనంలో పడుకోమంది. అప్పుడు ముందు వరుసలోంచి క్లెమెన్సియా అంది: "ఆనందా, మీ అమ్మగారి సంగతి చెప్పు తల్లీ. నాతో వచ్చినావిడ వినలేదు."

"ఈ రోజు వద్దులెండి."

"చెప్పమ్మా, మాకూ వినాలనుంది," అన్నారు ఇంకొందరు.

యురానిస్ చివరి వరుసవైపు చూడకుండా తన చాప మీద కూర్చుంది. తర్వాత యురానిస్ గొంతు మెత్తగా వచ్చింది.

"నాకు పందొమ్మిదేళ్ళప్పుడు డెంగ్యూతో అమ్మ పోయింది. రాత్రంతా తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ గదిలాగే కాలిపోతోంది ఆ చెయ్యి. అందుకే ఈ వేడిలో నాకు అమ్మ కనిపిస్తుంది."

ఎవరో ముక్కు చీదారు. ఎనిల్దా కదలకుండా పడుకుంది. డెంగ్యూ వచ్చింది యురానిస్‌కి. చెయ్యి పట్టుకుని కూర్చున్నది తను.

తరగతి అయ్యాక కూతురు ఆమెను చెప్పుల గూళ్ళ వెనక్కి లాక్కెళ్ళింది.

"చెప్పకుండా ఎందుకొచ్చావమ్మా?"

"బతికే ఉన్నానేమో చూసుకుందామని."

"మెల్లగా! ఊళ్ళో ఎన్ని యోగా గదుల్లేవు? ఓ కథ ఉంటే తప్ప వీళ్ళు నిలవరు."

"కథ కావాలంటే మీ నాన్నని చంపలేకపోయావా? ఎలాగూ వదిలేసి పోయాడుగా."

"నాన్న చస్తే ఎవరు ఏడుస్తారమ్మా?" అంది యురానిస్. వెటకారంగా కాదు, నిజంగానే అంది.

తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ క్లెమెన్సియా అటుగా వచ్చింది. యురానిస్ ముఖం క్షణంలో మారిపోయింది.

"నీళ్ళు బాగా తాగండి, సెన్యోరా."

కారులో క్లెమెన్సియా ఇంకా కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. "పాపం, తల్లి లేని పిల్ల. నీకు పిల్లలున్నారా, ఎనిల్దా?"

ఎనిల్దా కారు కిటికీలోంచి వీధిని చూసింది. పేరు చెబితే కూతురి అన్నం పోతుంది. ఉందంటే ఎక్కడుంటుందని అడుగుతుంది.

"లేరండి," అంది. అన్నాక గానీ ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తెలియలేదు.

ఆదివారం యురానిస్ ఎప్పటిలాగే వచ్చింది. తల్లికి ఇష్టమని మామిడిపళ్ళు తెచ్చింది. కందులతో కాచిన సాంకోచో పులుసు రెండు గిన్నెలు తాగి, పక్కింటి కుక్క గురించి, కొత్త చెప్పుల గురించి మాట్లాడింది. వెళ్ళేముందు మాత్రం గిన్నెవైపు చూస్తూ అడిగింది.

"ఆ క్లెమెన్సియా నా గురించి నిన్నేమైనా అడిగిందా?"

"అడగలేదు."

"నువ్వేం చెప్పలేదుగా?"

"చెప్పలేదు."

యురానిస్ హమ్మయ్య అని ఊపిరి వదిలింది. తల్లి బుగ్గ మీద ముద్దుపెట్టి, బస్సుకు టైమవుతోందని సంచి తీసుకుంది. ఎనిల్దా లేవకుండా కూర్చుని, మెట్ల మీద ఆ అడుగులు దిగిపోవడం విన్నది.