గువ్వలవంక గోలీ రాసిన చరిత్ర

హుమాయున్ ఊరి మీద పుస్తకం రాస్తాండాడంట, అందులో ఎవురింటి గుట్టు వాళ్ళింటి పేరుతో సహా ఉందంట, అది నేరుగా జమ్మలమడుగు ఆఫీసుకే పోతాందంట. ఈ మాట పద్మావతమ్మ నీళ్ళ ట్యాంకరు కాడ అన్నదట. ఆమెకెవరు చెప్పారంటే, సింహాద్రిపురంలో ఉండే చెల్లెలు ఫోనులో చెప్పిందట. గువ్వలవంక కాలనీలో జరిగేది గువ్వలవంక కాలనీకి తెలియాలంటే సింహాద్రిపురం మీదుగా రావాల్సిందే మరి.

షాహీదాబీ చంకలో బిందె దించకుండానే ఆ మాటంతా మొగుడికి అప్పజెప్పి, "నిజమేనా?" అనడిగింది.

కుట్టుమిషను బల్ల మీద నోటుబుక్కు పరుచుకొని కూర్చున్న హుమాయున్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఊరి మీద కాదు. మన ఫుట్‌బాల్ క్లబ్బు మీద."

"రొండూ ఒగటే కదప్పా," అంటూ ఆమె లోపలికి పోయింది.

పాత గువ్వలవంక రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. కరోనా ఏడు ఊరంతా సామాన్లు ట్రాక్టర్లకెత్తుకొని కొండాపురం పక్కనున్న ఈ కాలనీకి వచ్చింది. ఇండ్లొచ్చాయి, రోడ్లొచ్చాయి, మసీదూ రామాలయమూ వచ్చాయి. బడి పక్కన రెండెకరాలు ఖాళీగా మిగిలాయి. అందులో కల్యాణమండపం కట్టాలని పెద్దల ఆశ. పిల్లలు మాత్రం సిమెంటు రోడ్డు మీదే బంతి తన్నుకుంటూ, అది మురుగుకాలువలో పడినప్పుడల్లా వంతులేసుకొని తీస్తున్నారు. బడిలో ఆటల టీచరు మాధవి అది చూసి ఊరుకోక, ఆ జాగా గ్రౌండుకు ఇమ్మని అర్జీ పెట్టింది. పునరావాసం ఆఫీసరు కొత్తగా వచ్చినవాడు. పాత ఊళ్ళో గ్రౌండు ఉండి ఉంటే ఇక్కడా ఇవ్వవచ్చన్నాడు. కాగితాలు లేకపోతే తెలిసినవాళ్ళ చేత చరిత్ర రాయించండి, నేనే వచ్చి విచారిస్తానన్నాడు.

"నువ్వే రాయల్ల మామా," అంది మాధవి. "నీకంటే తెలిసినోళ్ళు ఎవురుండారు?"

ముందు పేజీలు నీళ్ళలా పారాయి. డెబ్బై ఎనిమిదిలో ఊరి కుర్రాడు నారాయణ ప్రొద్దుటూరు కాలేజీ నుంచి వస్తూ సంచిలో బంతి తెచ్చాడు. వాళ్ళ నాయన, గడ్డి కూడా మొలవని చవుడు చేను చూపించి, మీ చావు మీరు చావండన్నాడు. తుమ్మ కట్టెలు నాటి గోలు చేశారు. ఉల్లిగడ్డల సంచులు విప్పి కుట్టి వల కట్టారు. బూట్లు లేవు, కాళ్ళకు పాత పంచెల పేలికలు చుట్టుకునేవాళ్ళు.

ఊళ్ళో అప్పటికే రెండు పార్టీలు. ఒక పార్టీ ఇంట్లో పెండ్లయితే రెండో పార్టీ ఆ వీధిన నడిచేది కాదు. బంతి కోసమే పదకొండు మంది కలిశారు. పులివెందుల జట్టు చేతిలో మూడు గోల్సు తేడాతో ఓడిపోయిన రోజున, గోలు కాచే గోలీగా నిలబడినవాడు కావాలనే వదిలేశాడని అవతలి పార్టీ వాళ్ళు రాళ్ళెత్తారు. ఒకడి తల పగిలింది. పెద్దలు కూర్చొని ఒక కట్టుబాటు చేశారు: గోలు కాడ నిలబడేవాడు ఏ పార్టీ వాడూ కాకూడదు. అట్లాంటి ఇండ్లు ఊళ్ళో సాయిబులవే. అట్లా పదిహేడేండ్ల హుమాయున్, కుట్టుమిషను ముందు నుంచి లేచి గోలు కాడికి పోయాడు.

పొట్టివాడు. ఎగిరినా పై కట్టె అందేది కాదు. దానికి ఊరు కనిపెట్టిన ఉపాయం, పై కట్టెను జానెడు కిందికి దించడం. గువ్వలవంకలో అతన్ని దాటి ఒక్క బంతీ పోలేదు. ప్రొద్దుటూరులో మొదటి ఆటకే నాలుగు గోల్సు నెత్తి మీదుగా పోయాయి. తిరుగు బస్సులో నారాయణ, "ఒరేయ్ గోలీ, ప్రొద్దుటూరోళ్ళను గూడా కట్టె దించమని అడగకపోతివి," అన్నాడు. ఆ మాట రాస్తూ హుమాయున్ ఒక్కడే నవ్వుకున్నాడు.

ఇరవై రెండేండ్లు అక్కడే నిలబడ్డాడు. మెల్లగా ఊళ్ళో ఇంకో సంగతి జరిగింది. చేని గట్టు గెనెం తగాదా వచ్చినా, బాయి వంతు తగాదా వచ్చినా, రెండు పార్టీలూ "గోలీ ఏమంటాడో అడుగు" అనడం మొదలుపెట్టాయి. తొంభై ఒకటిలో షీల్డు గెలిచింది రాశాడు. ఆ జట్టులో ఆరుగురు కువైటు పోయింది రాశాడు. ఆ తర్వాత పెన్ను ఆగింది.

పదేండ్ల కిందటి మాట. మునిగే భూములు కొలవడానికి మనుషులొస్తున్నారని తెలిసి, చెట్టుకింత అని పరిహారమొస్తుందని ఊరు ఊరంతా చేలల్లో చీనీ, అంటే బత్తాయి, మొక్కలు గుచ్చుతోంది. గ్రౌండు సంగతి ఏం చేయాలో రెండు పార్టీలకూ తెలియలేదు. హుమాయున్ని అడిగారు. ఆటగాళ్ళే పట్టపగలు పారలు పట్టి, గోలు నుంచి గోలు దాకా గుంతలు తీశారు. చవుడు నేలలో ఒక్క మొక్కా బతకదని అందరికీ తెలుసు. కొలతల వాళ్ళు వచ్చేదాకా పచ్చగా ఉంటే చాలు. చెట్లకొచ్చిన దుడ్లు గుంతలు తీసిన ఇండ్లన్నీ పంచుకున్నాయి. హుమాయున్ తల మీదున్న స్లాబులో అతని వంతూ ఉంది.

రెండు రోజులు ఆ పేజీ ఖాళీగానే ఉంది. మూడో రోజు నారాయణ వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"వంక పక్కన సర్కారు బీడుండె కదరా, గ్రౌండు ఆడుండెనని రాయి. నీళ్ళ కింద యాడుంటే ఏంది, ఎవుడు మునిగి చూసొస్తాడు?"

"షీల్డు గెలిచిన గ్రౌండు మీద గూడా అబద్ధమే రాయల్లనా?"

"నిజం రాస్తే ఇరవై ఇండ్లకు నోటీసులొస్తాయి. నీ ఇంటికి గూడా."

నారాయణ పోయాక హుమాయున్ ఒక్క వాక్యం రాసి పుస్తకం మూశాడు. 'ఊరంతా అనుకొని గ్రౌండులో చీనీ మొక్కలు నాటినారు.' నిజమే రాశాననుకున్నాడు.

విచారణ బడి వరండాలో జరిగింది. మగవాళ్ళు నేల మీద, ఆడవాళ్ళు గోడ వార కూర్చున్నారు. ఆఫీసరు నోటుబుక్కు మొదటి నుంచీ ఓపికగా చదివాడు. కట్టె దించిన చోట పెద్దగా నవ్వితే అందరూ నవ్వారు. మాధవి మొహం వెలిగింది. తర్వాత ఆయన తన రిజిస్టరు తెరిచి ఆ చేను నంబరు దగ్గర వేలు పెట్టాడు.

"ఇక్కడ చీనీ తోట అని ఉందే? మూడు వందల చెట్లు."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన పుస్తకంలో చివరి పేజీ తిప్పి ఆ వాక్యం చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది నిజమని నేను రాసుకుంటే చెట్ల డబ్బు వెనక్కి అడగాల్సి వస్తుంది. అబద్ధమంటే గ్రౌండు లేనట్టే. మీరే చెప్పండి, ఏది?"

అందరూ అలవాటు కొద్దీ హుమాయున్ వైపే చూశారు. నారాయణ మాత్రం నేల చూస్తూ అన్నాడు.

"ఊరంతా అనుకొని అని రాసినావు గదా గోలీ. ఊరు యాడనుకునింది? నిన్నడిగితిమి. నువ్వు నాటమంటివి. రొండు పార్టీలోళ్ళం నోర్మూసుకొని నాటితిమి."

హుమాయున్ లేచాడు. ఈ మధ్య మోకాళ్ళు సతాయిస్తున్నాయి, గోడ పట్టుకొని నడిచాడు. నోటుబుక్కు తన వైపు తిప్పుకొని, జేబులోని పెన్ను తీసి, 'ఊరంతా అనుకొని' అన్నది కొట్టేశాడు. దాని పైన 'నేను చెబితే' అని రాశాడు. కింద సంతకం పెట్టి పుస్తకం ఆఫీసరు ముందుకు జరిపాడు.

"నిజమే సార్. రాసుకోండి. అడిగేది నన్నే అడగండి."

గోడ వార నుంచి షాహీదాబీ, "మా ఇంటిని గూడా రాసుకోండి," అంది. ఇంకెవరూ పేరు చెప్పలేదు.

ఆఫీసరు పెన్ను మూత పెట్టి ఆ కొట్టివేత మీద వేలు ఉంచాడు. ఆయన గొంతులో కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది.

"ఇరవై రెండేళ్ళు ఆ గోలు కాడ నిలబడిన మనిషివి. గ్రౌండును నీ నోటితో తోట చేయమని ఎట్లా చెప్పావు పెద్దాయనా?"

"కొలతలకొచ్చినోళ్ళ పరిహారం కాగితంలో బాయికి గడి ఉండె సార్. బోరుకుండె, చెట్టుకుండె, కోళ్ళ గూటికి గూడా ఉండె. ఆటకు లేకపాయ."