కుట్టుమిషను మెకానిక్కు సాక్ష్యం

టైలరమ్మ కుడికాలు మొద్దుబారి రెండేళ్లయింది. వెన్నులో నరం నొక్కుకుపోయిందనీ, మొదటిరోజే స్కానింగు తీసి ఉంటే కాలు దక్కేదనీ తర్వాత ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాడు. మొదటిరోజు చూసిన మహానుభావుడు మాత్రం నొప్పిబిళ్లలిచ్చి పంపేశాడు. దానికే నష్టపరిహారం కోరుతూ ఆవిడ కేసు వేసింది. ఆ ఆసుపత్రివాళ్లు ఒకటే మాట పట్టుకు కూర్చున్నారు: నడుము నొప్పి అంది, కాలు తిమ్మిరి సంగతి చెప్పనే లేదు. వాళ్ల కాగితాల్లోనూ అంతే ఉంది మరి.

చెప్పింది. ఎక్కడైనా ఒట్టేసి అనగలదు. కానీ పదిమంది పదిసార్లు అడిగేసరికి ఆవిడకే అనుమానం పట్టుకుంది. చెప్పానా, చెప్పాలనుకున్నానా? కాలు ఈడ్చుకుంటూ నడవడం కన్నా అబద్ధాలకోరు అనిపించుకోవడమే ఆవిడకి ఎక్కువ కష్టంగా ఉండేది.

ఓ సాయంత్రం ఆ కేసు చూస్తున్న వకీలమ్మ తన నల్లకోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. టైలరమ్మ సూదితో చేతికుట్టు వేస్తుంటే, ఊరికే కూర్చోలేక మూలనున్న తొక్కుడు మిషనుకి వేలాడుతున్న అట్ట తీసి చదివింది. చదివి ఒక్క ఉదుటున లేచింది.

"ఇదేంటక్కా? ఎవరు రాశారు?"

"మెకానిక్ బాబాయి. ఆయన రాతలకేం, భారతమంత రాస్తాడు."

రిపేరుకి వచ్చినప్పుడల్లా వచ్చిన తేదీ, చూసింది, విన్నది అన్నీ అట్ట మీద ఎక్కించడం బాబాయి అలవాటు. 'నువ్వు ముట్టుకున్నాకే పాడైంది' అని ఎవరూ అనకుండా ముందుజాగ్రత్త. స్క్రూ బిగించడానికి పావుగంట, రాయడానికి అరగంట అని బజారంతా నవ్వేది. నవ్విన నాపచేనే పండింది. అట్ట మీద, ఆవిడ మొదటిసారి ఆసుపత్రికి వెళ్లిన తేదీన ఇలా ఉంది: "కుట్టు వంకర పోతోందని పిలిచారు. మిషనుకి ఏ జబ్బూ లేదు. తొక్కే మనిషి కుడిపాదానికి స్పర్శ లేదు, స్క్రూడ్రైవరుతో గీసినా తెలియలేదు. పొద్దున డాక్టరుకి చెబితే మిషను బాగుచేయించుకోమన్నాడట."

అవును! ఆ డాక్టరు వేళాకోళానికి అన్న మాట నిజమనుకుని, ఆవిడ తిన్నగా ఇంటికొచ్చి మెకానిక్కుని పిలిచింది. తన అమాయకత్వానికి సిగ్గుపడి ఆ సంగతి ఇంకెవరికీ చెప్పుకోలేదు, పోనుపోను తనే మరిచిపోయింది.

విచారణ రోజున బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆసుపత్రి వకీలు ఎగతాళిగా అడిగాడు, "మీరేం చదివారు? నరాల గురించి మీకేం తెలుసు?"

"ఏమీ తెలీదు బాబూ. మిషను బాగుండి కుట్టు వంకర పోతే, లోపం మనిషిలో ఉన్నట్టు. ముప్ఫయ్యేళ్లుగా ఇదే లెక్క. అందుకే కాలు చూశాను. చూస్తేనే కదా తెలిసేది?"

హాలంతా గొల్లుమంది. న్యాయమూర్తి కూడా కళ్లజోడు తుడుచుకునే నెపంతో తల దించుకున్నాడు.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. వైద్యానికీ, పోయిన పనికీ, కాలితో పనిలేకుండా నడిచే మిషనుకీ సరిపడా పరిహారం ఇమ్మన్నారు. వకీలమ్మ అంకె చదువుతుంటే టైలరమ్మ అడ్డుపడింది.

"అది కాదమ్మా, దాని పైన ఏముందో చదువు."

"'బాధితురాలు తన కాలి తిమ్మిరి గురించి మొదటిరోజే చెప్పింది. వైద్యుడు పట్టించుకోలేదు.'"

"ఇంకోసారి."

వకీలమ్మ ఇంకోసారి చదివింది. టైలరమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ బాబాయి రెండు చేతులూ పట్టుకుంది. బాబాయి కళ్లూ తడిశాయి. ఇంతటి సంతోషం ఆ కుట్టుగది ఎన్నడూ ఎరగదు. మిఠాయిలు తెస్తానన్న ఆవిడ మొగుడు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఏమైందండీ, వెళ్లరే?"

"నాకూ చెప్పావే," అన్నాడాయన. "డాక్టరు కన్నా ముందు, వారం రోజులు వరసగా చెప్పావు. ఊఁ కొట్టి పడుకున్నాను."

టైలరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"వకీలమ్మా, ఇంకో కేసు రాసుకో," అంది. "పరిహారం డబ్బుగా వద్దు. ఇలా వచ్చి నా పక్కన కూర్చోమను. చెప్పాల్సింది రెండేళ్లది ఉంది."

ఆయన వచ్చి కూర్చున్నాడు.