బీరువాలో బాలయేసులు

ఎదెల్మిరా ఇంటికి వెళితే కూర్చోవడానికి కుర్చీ దొరకదు గాని, బాలయేసులు మాత్రం కావలసినంతమంది దొరుకుతారు. మట్టివాళ్ళు, కర్రవాళ్ళు, పింగాణీవాళ్ళు. ముందుగది గోడ పొడుగునా అద్దాల బీరువా, దాని నిండా వెల్లకిలా పడుకుని చేతులు చాచిన పసివాళ్ళు. మెరిదా పట్నం నుంచి జనం బస్సెక్కి మరీ వచ్చి చూసిపోతారు. "ఇన్ని ఎందుకమ్మా?" అంటే "అదో సరదా" అంటుంది. సరదాలు ఎవరికి లేవు లెండి. మా గుడిగంట కొట్టే ఎవారిస్తో తుప్పుపట్టిన తాళంకప్పలు పోగేస్తాడు, ఒక్కదానికీ తాళంచెవి లేదు. అడిగితే పోట్లాటకొస్తాడు. దాచుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎదెల్మిరాకి మాత్రం అది పుట్టుకతో రాలేదు. ఒకదాన్ని దాచడానికి మిగతావన్నీ కొంది.

ఆ ఒకటీ పక్కింటి బెనిల్డాది.

మా కొండల్లో, క్రిస్మస్‌కి ఇంట్లో కట్టే బొమ్మల పశువులపాకలోంచి బాలయేసును దొంగిలించడం తప్పు కాదు, వేడుక. ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగ లోపల ఆ దొంగే కేకూ తియ్యటి ద్రాక్షసారా పట్టుకుని, ఫిడేలువాణ్ణి వెంటేసుకుని, పాడుకుంటూ తెచ్చివ్వాలి. అప్పుడు పడుకున్న పసివాణ్ణి పాకలో నిలబెడతారు. నిలబెట్టాకే పాక విప్పుతారు. దొంగెవరో తెలిసినా పేరు బయట పెట్టకూడదు, పెడితే వేడుక చెడుతుంది. తీసుకోవడంలో పాపం లేదు. ఉంచేసుకోవడంలోనే ఉంది.

వయసులో ఉన్నప్పుడు, ఒక జనవరి పూట ఎదెల్మిరా దాన్ని శాలువా కింద పెట్టుకుని తెచ్చింది. అరచేతిలో పట్టే కర్రబొమ్మ. బుగ్గలు ఇప్పుడే నిద్రలేచిన పిల్లాడివిలా ఉంటాయి. వారంలో ఇచ్చేద్దామనుకుంది. వారం అయ్యాక ఇంకో రెండు రోజులు చూసుకుందామనుకుంది. ఆ రెండు రోజులు సాగాయి. ఆలోపు బెనిల్డా కూతురు లూసిలాకి జ్వరం తగిలింది. ఎదెల్మిరా పూటపూటకీ వేడి వేడి సూపు మోసింది. బొమ్మను మాత్రం తీసుకెళ్ళలేదు. కొవ్వొత్తుల పండుగకి ముందే పిల్ల పోయింది. శవం లేచిన ఇంటికి ఫిడేలు పట్టుకుని ఎవరు వెళతారు? మరుసటేడు వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆ తర్వాత ఇక నోరే పెగల్లేదు. వచ్చేపోయేవాళ్ళ కంట పడకుండా దాని పక్కన ఇంకోటి కొనిపెట్టింది, ఆ పక్కన మరోటి. కొనగా కొనగా నిజంగానే రుచి మరిగింది, అదీ ఒప్పుకోవాలి.

బెనిల్డా ఆ బీరువా గదిలోకి ఎన్నడూ రాలేదు. బాలయేసును చూస్తే లూసిలా గుర్తొస్తుందని వంటింటి గుమ్మం దగ్గరే కూర్చుని కాఫీ తాగి వెళ్ళేది.

అంతా బాగానే ఉన్నట్టుండేది, జనవరి వచ్చేదాకా. జనవరి వస్తే బీరువా అద్దానికి ఆవిరి పట్టేది. మంచు ఊరు మాది, అద్దాలకు ఆవిరి పట్టడం వింతేమీ కాదు. కానీ ఈ ఆవిరి లోపలి వైపు పట్టేది. అదీ కింది అరలో, చిన్నపిల్లల మొహం ఆనే ఎత్తులో. ఎదెల్మిరా తలుపు తీసి తుడిచేది, మూసేది, వెనక్కి తిరిగేసరికి మళ్ళీ పట్టేది. ఎవరో లోపల మొహం ఆనించి ఊపిరి వదులుతున్నట్టు. ఫాదరుకి చెప్పడానికి భయం. చెబితే ఎందుకని అడుగుతాడు కదా.

చివరికి ఒక ఏడు జనవరిలో, మంచు వీధిలోకి దిగిన మధ్యాహ్నం, బెనిల్డా గోడ పట్టుకుంటూ వచ్చింది.

"వదినా, ఉన్నావా, నీ పసిపిల్లలకి పాలు పడుతున్నావా?"

"రా రా. కాఫీ పెడతా, వంటింట్లోకి రా."

"వంటింట్లోకి కాదు. ఆ గదిలోకే వచ్చాను." గుమ్మంలోనే నిలబడి ఊపిరి తీసుకుంది. "నా కళ్ళు పోతున్నాయి. డాక్టరు తేల్చేశాడు. పూర్తిగా పోయేలోపు మా ఇంట్లో ఒక్కసారి బాలయేసును నిలబెట్టి చూసుకోవాలనుంది. నీ దగ్గర గంపెడున్నాయిగా, ఒకటి అరువియ్యి."

బెనిల్డా బీరువా దాకా వచ్చేలోపు ఎదెల్మిరా ముందు చేరి, ఆ కర్రబొమ్మను పింగాణీవాళ్ళ వెనక్కి నెట్టింది. బెనిల్డా కళ్ళు చికిలించి, తడిమి తడిమి, నీలికళ్ళ మట్టిబొమ్మ ఒకటి తీసింది.

"ఇది చాలు. నువ్వూ రా. ఒక్కదాన్నే ఏం నిలబెడతాను?"

బతికిపోయాననుకుంది ఎదెల్మిరా. అనుకున్నందుకు సిగ్గూ పడింది. శాలువా కప్పుకుని వెంట నడిచింది.

బెనిల్డా ఇంట్లో కిటికీ పక్కన ఒక మూలకి ఎప్పుడూ తెర వేసి ఉంటుంది. ఏ పాత సామానో అనుకునేది ఎదెల్మిరా. బెనిల్డా తెర లాగింది. వెనక క్రిస్మస్ పాక. ఎండి నల్లబడిన నాచు, బూజు పట్టిన గొర్రెలు, ఒకవైపుకి ఒరిగిన మరియమ్మ. మధ్యలో గడ్డి. గడ్డిలో అరచేతంత గుంట.

"ఇదేంటి వదినా, ఇది అప్పటిదా?"

"మరి? తీసుకెళ్ళినవాళ్ళు తేకుండా పాక ఎలా విప్పుతాను? విప్పితే ఇక రారుగా." బెనిల్డా మట్టిబొమ్మను గుంటలో పెట్టబోయింది. పట్టలేదు. కాళ్ళు బయటికొచ్చాయి. తిప్పి పెట్టింది, అయినా పట్టలేదు. "నా బొమ్మ చిన్నది. మా తాత చెక్కాడు."

ఎదెల్మిరా మట్టిబొమ్మను తన చేతిలోకి తీసుకుంది.

"దొంగెవరో లూసిలాకి తెలుసు," అంది బెనిల్డా, గడ్డి సర్దుతూ. "తీస్తుంటే చూసిందట. చెప్పవే అని ఎంత బతిమాలినా చెప్పలేదు. చెప్తే ఆట పాడైపోతుందమ్మా, పాడుకుంటూ వాళ్ళే వస్తారు అనేది. జ్వరంలో కూడా ఈ కిటికీ దగ్గరే పడక వేయించుకుంది. అద్దం మీద ఊపిరి వదిలేది, అరచేత్తో తుడిచేది, వీధిలోకి చూసేది. ఫిడేలు వినపడుతోందా అమ్మా అని అడిగేది. పిచ్చిపిల్ల."

ఎదెల్మిరాకి అప్పుడు గుర్తొచ్చింది. తను సూపు గిన్నె పట్టుకుని వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ముందు తన చేతులకేసి చూసేది. ఆకలనుకుంది తను. పసిదానికి ఆకలనుకుంది.

"వదినా, ఉండు," అంది. "సరిపడేది తెస్తాను."

ఇంట్లో బీరువా అద్దం మొత్తం తెల్లగా ఆవిరి పట్టేసింది, లోపల ఒక్క బొమ్మా కనపడటం లేదు. కింది అర దగ్గర మాత్రం కొంచెం మేర తుడిచి ఉంది. లోపలి నుంచి, చిన్న అరచేత్తో. తుడిచిన చోటులోంచి కర్రబొమ్మ మొహం కనపడుతోంది. తను వెనక్కి నెట్టిన బొమ్మ, పింగాణీవాళ్ళకి ముందు ఉంది.

ఎదెల్మిరా ఏడుస్తూనే తలుపు తీసింది. "తెస్తున్నానే తల్లీ, తెస్తున్నాను," అంది బీరువాతో.

గుంటలో పెడితే బొమ్మ అతికినట్టు పట్టింది. బెనిల్డా వంగి, వేలితో దాని మడమ తడిమింది. అక్కడ చిన్న పెచ్చు ఊడిన చోటుంది. వేలు అక్కడే ఆగిపోయింది.

"తీసినందుకు ఏమీ అనను," అంది చివరికి బెనిల్డా. "ఎందుకు తేలేదు?"

శవం లేచిన ఇల్లు కదా అని చెప్పొచ్చు. ఇన్నేళ్ళూ తనకి తను చెప్పుకున్నది అదే.

"బాగుంది వదినా. ఇంకో రెండు రోజులు నా దగ్గరే ఉంచుకుందామనిపించింది."

బెనిల్డా తల ఊపింది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదెల్మిరాకి అనిపించింది. బెనిల్డా రెండు చేతులా బొమ్మను ఎత్తి, గడ్డిలో నిలబెట్టి, పడిపోకుండా వెనక గొర్రెను ఆనించింది.

"పాడు."

"ఫిడేలు లేకుండానా?"

"లూసిలా ఫిడేలు కోసం చూడలేదు, నీకోసం చూసింది. పాడు."

ఎదెల్మిరా పాడింది. మధ్యలో చరణం మరిచిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. బెనిల్డా ఆమె వైపు చూడలేదు. ఆ కొద్దిపాటి చూపునూ కిటికీ అద్దం మీదే పెట్టి, పాట అయిపోయేదాకా అలాగే కూర్చుంది. ఆ తర్వాత పాక విప్పడం మొదలుపెట్టింది. సాయానికి ఎదెల్మిరాని పిలవలేదు.

ఆ ఏడు నుంచి బీరువాకి ఆవిరి పట్టడం మానేసింది. బొమ్మలన్నీ అక్కడే ఉన్నాయి, మధ్యలో ఒక ఖాళీ తప్ప. అందులో ఇంకోటి పెట్టొచ్చు కదా అని మెరిదావాళ్ళు అంటూనే ఉంటారు. ఎదెల్మిరా వినదు. జనవరి వస్తే కింది అర ముందు చతికిలబడి, శుభ్రంగా ఉన్న అద్దాన్ని లోపలి వైపు రోజూ తుడుస్తుంది, మళ్ళీ ఊపిరి పడుతుందేమోనని మధ్యమధ్య ఆగి చూస్తుంది.