ఊహలకు ట్యూషన్

వరండాలో బెంచీ వేసిన వాళ్లకేం తెలుసు, అనుపమ కూర్చునే మనిషి కాదని! కూర్చుంది, లేచింది, కిటికీ దాకా వెళ్లింది, మళ్లీ వచ్చి కూర్చుంది. లోపల ఆమె కూతురు మయూరి, నాలుగో తరగతి పిల్ల, పరీక్ష రాస్తోంది. కొత్తగా ఆలోచించే పిల్లల్ని ఏరి, ఆదివారాలు ప్రత్యేకంగా నేర్పే బ్యాచ్‌లో వేస్తారట. ఆ బ్యాచ్‌లో మయూరి లేకపోతే ప్రపంచం ఏమైపోతుందో అనుపమకే తెలియాలి.

నిజానికి ఈ పిల్లకు ఊహలు ఒకరు నేర్పాల్సిన పనే లేదు. తండ్రి జనార్దన్‌ది రైల్వే ఉద్యోగం. నిజామాబాద్ నుంచి బదిలీ మీద మహారాష్ట్రలోని నాందేడ్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో కుక్కర్ కూత వేస్తే, "అమ్మా, పప్పుకు సిగ్నల్ దొరికింది" అనేది మయూరి. కరెంటు పోతే, ఆగిపోయిన ఫ్యాను ఏం ఆలోచిస్తోందో చెప్పేది.

అది చాలదా? అనుపమకు చాలలేదు. పరీక్ష అనగానే ఆమెకు నిద్ర పట్టలేదు. స్టేషన్ అవతల వీధిలో ఆ పరీక్షకు కూడా ఒక క్లాసు దొరికింది. కోచింగులకు పేరుపడ్డ నాందేడ్‌లో దేనికి దొరకదు గనక! ఖాళీ సీసాతో ఏం చేయవచ్చు, ఇటుకతో ఏం చేయవచ్చు, అన్నిటికీ తయారు జవాబులు. పెన్నుల స్టాండు, పూలకుండీ, పిట్టలకు నీళ్ల గిన్నె. తల్లి రోజూ అప్పజెప్పించుకునేది. ఒకసారి మయూరి, "సీసల ఉన్న గాలికి బయటికి రాబుద్ధయితే..." అని మొదలుపెట్టగానే, "గట్ల పిచ్చి పిచ్చిగ చెప్పకు, మార్కులు పోతయ్" అని కసిరింది. కొన్నాళ్లకు పిల్ల ఫ్యాను ఊసెత్తడం మానేసింది. అనుపమ అది గమనించింది కూడా. దారిలో పడింది అనుకుంది.

గంట కొట్టారు. పరీక్ష పెట్టిన దీపాలి మేడం కాగితాలతో బయటికి వచ్చింది. ఆవిడది తెలంగాణ సరిహద్దులో బిలోలి పక్క ఊరు, ఇంట్లో తెలుగే.

"మయూరి అమ్మ మీరేనా?"

"అవును మేడం. మంచిగ రాసిందా?"

"మంచిగనే రాసింది. అందరు రాసిందే రాసింది. పెన్నుల స్టాండు, పూలకుండి. పిల్లలందరు ఒక్క క్లాసుకే పోయిండ్రా ఏంది?"

అనుపమ ముఖం మాడిపోయింది.

"ఒక్కసారి మాట్లాడి చూస్త. మీరు ఈడనే ఉండుండ్రి" అని మేడం లోపలికి వెళ్లింది.

అనుపమ కిటికీకి అతుక్కుపోయింది. మేడం బల్ల మీద ఒక గొడుగు పెట్టింది. బట్ట మొత్తం ఊడిపోయి, పిడీ చువ్వలూ మాత్రం మిగిలిన గొడుగు.

"ఇది దేనికి పనికొస్తది బిడ్డా?"

మయూరి గొడుగును చూసింది. తర్వాత కిటికీలో తల్లిని చూసింది. నోరు తెరిచి, మూసి, మళ్లీ తల్లినే చూసింది. అనుపమ పెదాలు వాటంతటవే కదులుతున్నాయి: తీగ పాకించుకోవచ్చు, తీగ. పిల్ల కళ్లు చిట్లించి ఆ పెదాలనే చూస్తోంది. అప్పుడు అర్థమైంది అనుపమకు. కూతురు ఆలోచించడం లేదు, తల్లి నోట్లో జవాబు వెతుక్కుంటోంది. ఎంత పని చేశాను అనుకుంది.

పక్కకు తప్పుకుని గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. లేచి జవాబు అరిచి చెప్పేద్దామా అనిపించింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇది..." మయూరి గొంతు వినిపించింది. "తడుస్తమని భయపడెటోళ్ల గొడుగు, మేడం."

"బట్ట లేదు గద. తడుస్తరు గద వాళ్లు?"

"తడవాల్ననే. చేతుల గొడుగుందని ధైర్యంగ బయటికి పోతరు. మొత్తం తడుస్తరు. తడిస్తే ఏం కాదని అప్పుడు ఎరుకైతది."

"మరి ముందుగల ఎవరికిస్తవ్?"

ఈసారి ఆలస్యమే లేదు. "మా అమ్మకు."

గోడ ఇవతల అనుపమకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

కాసేపటికి మయూరి బయటికి వచ్చి, భయం భయంగా తల్లి పక్కన నిలబడింది. "తప్పు చెప్పిన్నా అమ్మా?"

"నాకు తెల్వది బిడ్డా" అంది అనుపమ. ఆ మాట కూతురితో అనడం ఆమెకు అదే మొదలు. "నా గొడుగు నాకెప్పుడిస్తవ్?"

మయూరి కొంచెం ఆలోచించింది.

"వాన పడనియ్" అంది.