పిడికెడు బియ్యం బాన

జోగి చెయ్యి గానుగలో పడినప్పుడు తల్లమ్మ అక్కడే ఉంది. కొడుక్కి గంజిముంత పట్టుకుని వెళ్లింది. ఎడ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇనప రోలర్లు చెరకు గెడల్ని నమిలి పిప్పి చేస్తున్నాయి. జోగి కింద కూర్చుని గెడలు అందిస్తున్నాడు. ముందురోజు నుంచి కునుకు లేని మనిషి. గెడతోపాటు చెయ్యీ లోపలికి వెళ్లిపోయింది.

ఆ కేకకు అందరూ కొయ్యబారిపోతే తల్లమ్మ కొడుకు నూకరాజు ఒక్కడే పరుగెత్తి ఎడ్లను పట్టుకుని వెనక్కి నడిపించాడు. చెయ్యి బయటికి వచ్చింది. అది చెయ్యిలా లేదు.

కామందు త్రినాధరావు రసం కాచే పెనం దగ్గర నిలబడి ఉన్నాడు. "వాణ్ణి పక్కన పడుకోబెట్టండి. ఎడ్లు తిప్పండి. రసం చాలదు" అన్నాడు.

"తొట్టిలో రగతం కలిసిపోయింది బాబూ. ఈ రసం పారబోసేత్తాం" అన్నాడు నూకరాజు.

"పారబోస్తే నీ బాబు ఇస్తాడా? పెనంలో పోసెయ్."

పోశారు. తేలిన తెట్టు కాసేపు ఎర్రగా కనబడింది. మరిగేకొద్దీ అదీ బెల్లం రంగులోకి తిరిగిపోయింది. అన్ని దిమ్మలతోపాటు ఆ దిమ్మలూ బండెక్కి అనకాపల్లి మార్కెట్టుకు వెళ్లాయి. ఎవరి ఇంట పాయసంలో పడ్డాయో ఎవరికి తెలుసు.

జోగి కొండమనిషి. చెరకు ఆడే రోజుల్లో కూలికి దిగివచ్చాడు. ఈ పక్క నా అన్నవాళ్లు లేరు. ఆసుపత్రిలో చెయ్యి తీసేసి కట్టు కట్టాక, నూకరాజు అతణ్ణి తీసుకొచ్చి తమ వసారాలో పడుకోబెట్టాడు. తల్లమ్మకు ఆ పూటే భయం పట్టుకుంది.

ఆమెకు భయం కొత్త కాదు. వాన పడితే గోడ కూలుతుందని, వాన ఆగితే జ్వరాలు వస్తాయని భయం. బాప్తిస్మంలో కొడుక్కి దానియేలు అని పేరు పెట్టించింది. పాత పేరు తీసేస్తే ఊరి దేవత నూకాలమ్మకు కోపం వస్తుందేమోనని ఇంట్లో నూకరాజు అనే పిలుస్తోంది. ఉన్నది ఒక్క కొడుకు. వాడు ఇల్లు దాటి తిరిగివచ్చేదాకా ఆమె ప్రాణం గడపమీదే ఉంటుంది.

ఇంత భయస్తురాలు కాబట్టే పేటలోని క్రైస్తవులందరూ బియ్యం బాన ఆమె చేతిలో పెట్టారు. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు తీసి పక్కన ఉంచుతుంది. ఆదివారం ఆ పిడికిళ్లన్నీ తల్లమ్మ ఇంటి బానలో పడతాయి. పాస్టరు అయ్యగారికి, గుడి కప్పుకు, పండగ విందుకు ఆ బియ్యమే. యుద్ధం వచ్చి, బర్మా బియ్యం ఆగిపోయి, ఇళ్లలో గంజి పలచబడినా పిడికెడు మానినవాళ్లు లేరు. తల్లమ్మ ఎంత ఆకలేసినా ఆ మూత ముట్టలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు. నూకరాజు నిలబడ్డాడు. "జోగి కోలుకునేదాకా కూడెట్టాల. కోలుకున్నాక కాపలా పనివ్వాల. నిద్దర లేనోణ్ణి గానుగ కాడ కూకోబెట్టకూడదు. ఒప్పుకునేదాకా గెడ పెట్టం. ఏటంటారు?"

పెనం కింద మంట వేసే తాతబ్బాయి గొణిగాడు. "ఆడు మన సంఘంవోడా ఏటి? ఆడి కోసం మన నోటికాడ కూడు తన్నుకోవాలా?"

"నీ సెయ్యి పడితే ఏటి సేద్దువు మామా? ఎవులి సంఘంవని రోలరు అడుగుద్దా?"

"నా సెయ్యి లావురా. గానుగే ఆగిపోద్ది."

నవ్వారు. నవ్వు మధ్యలోనే వసారాలో జోగి మూలుగు గుర్తొచ్చింది కాబోలు, తాతబ్బాయే తన చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాడు.

పాస్టరు దైవసహాయంగారు గొంతు సవరించుకున్నారు. "ఓపిక పట్టండి. ప్రార్థన చేద్దాం. ఈ గుడి జాగా ఎవరిచ్చారో మరిచిపోకండి."

"జాగా కామందుదే అయ్యగారూ. మరి దేవుడు ఎవులోడు?" అంది వెనక నుంచి కాసులమ్మ. "పశువుల పాకలో పుట్టినోడని తమరే సెప్పేరు. ఆ పాకా కామందుదేనేటి?"

పాస్టరుగారు బైబిలు అట్టను గట్టిగా పట్టుకున్నారు. చెడ్డమనిషి కాదు. ఆయనకూ భయమే. ఆ సంగతి తల్లమ్మకు ఆయన వేళ్లు చూస్తేనే తెలిసిపోయింది.

రేపే ఎడ్లు విప్పేద్దామని కూలీలందరూ అన్నారు. అప్పుడు తల్లమ్మ లేచింది. "ఒరే నాయినా, పెనం మీద రసం ఉంటే ఒగ్గేసి రాకండిరా. కావాలని మాడ్చేసేరని కేసెడతారు."

ఆమె కేసుకు భయపడి అంది. మిగిలినవాళ్లు వేరే కారణంతో ఒప్పుకున్నారు. మరుగుతున్న రసాన్ని వదిలెయ్యడం వాళ్ల చేతుల్లో లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ పాకం చూసి బతికినవాళ్లు. "పెనం దించాకే పనాపుదాం. మన పని మనం సుబ్బరంగా సేసొద్దాం" అన్నాడు తాతబ్బాయి.

సోమవారం అలాగే చెప్పారు. త్రినాధరావు కోపగించుకోలేదు. "మంచిది. పెనం దించాకే మాట్లాడుకుందాం" అని నులకమంచం మీద కూర్చున్నాడు. పాలేరు సైకిలెక్కి టౌనుకు వెళ్లాడు. ఎందుకని ఎవరూ అనుకోలేదు. అందరి కళ్లూ పాకం మీదే ఉన్నాయి.

పోలీసులు వచ్చేసరికి పాకం తీగ సాగుతోంది. హెడ్డు కానిస్టేబులు ముందుకు అడుగేశాడు. త్రినాధరావు చెయ్యెత్తి ఆపాడు. "అచ్చుల్లో పోయనివ్వండి. తర్వాత తీసుకెళ్లండి."

ఎర్రటోపీలు వరసగా నిలబడి చూస్తుంటే ఆ మనుషులు పెనం దించారు, కలియబెట్టారు, ఒక్క బొట్టు ఒలకకుండా అచ్చుల్లో పోశారు. అప్పుడు లాఠీలు లేచాయి. యుద్ధకాలంలో పని ఆపడం సర్కారుకు ద్రోహమన్నాడు హెడ్డు. పని ఎక్కడ ఆపేం బాబూ అని తాతబ్బాయి అంటూనే కింద పడ్డాడు. బెల్లం అంటుకున్న చేతులకే బేడీలు వేశారు.

తల్లమ్మ పరుగున వెళ్లి లారీ చెక్క పట్టుకుంది. తన మాట విని పెనం దించినందుకు వీళ్లు దొరికిపోయారు. అది కొడుకు నోట వస్తుందని ఎదురుచూసింది. నూకరాజు పగిలిన పెదవి తుడుచుకుని, "అమ్మా, జోగికి కూడెట్టు" అన్నాడు. లారీ కదిలింది.

కూడు ఎక్కడిది? పని ఆపిన ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. పేట మొత్తానికి గింజలున్నది ఆ ఒక్క బానలోనే.

మర్నాడు పాస్టరుగారు వచ్చారు. "తల్లమ్మా, అది దేవుడి సొత్తు. ముట్టకు. కామందు గుడి పీకించేస్తానంటున్నాడు. నేను కాళ్లు పట్టుకుంటాను, నీ కొడుకును విడిపిస్తాడేమో."

విడిపిస్తాడేమో. ఆ ఒక్క మాట ఆమెను నిలువునా కుదిపేసింది. నోరు మూసుకుని కూర్చుంటే కొడుకు వస్తాడేమో. అప్పుడు వసారాలోంచి జోగి అన్నాడు. "నన్ను దోవ మీద ఒగ్గెయ్ అప్పా. నీ కొడుకొత్తాడు."

తల్లమ్మ లేచి బాన దగ్గరికి వెళ్లింది. "ఆడొచ్చి కూడెట్టేవా అనడిగితే ఏటి సెప్పనయ్యగారూ?" అంది. బాన నెత్తికెత్తుకుని గుడిముందుకు నడిచింది. మూడు రాళ్లు పెట్టింది. మంట కాసులమ్మ వేసింది. జోగికి ముందు గంజి పోశారు, తర్వాత పిల్లలకు, తర్వాత ఆ వీధిన పోతున్న కొండవాళ్లకు. ఎవరి దేవుడు ఎవరని అడగలేదు. పాస్టరుగారు దూరంగా నిలబడ్డారు. కాసేపటికి వచ్చి, తలగుడ్డ చుట్టుకుని నీళ్లు మోశారు.

గుడి నిలవలేదు. కామందు మనుషులు వచ్చి కప్పు లాగేశారు. నూకరాజును విశాఖపట్నం జైలుకు పంపేశారని కబురు వచ్చింది. దెబ్బలతో రక్తం కక్కుతున్నాడన్నారు. అబద్ధమైతే బాగుండునని తల్లమ్మ మొక్కని దేవుడు లేడు. కె. కోటపాడు పక్క నుంచి కొత్త కూలీలు దిగారు. పక్క ఊరి ఎడ్లవాళ్లు కూడా పనికి వచ్చారు. దారిలో జోగి మొండి చెయ్యి చూసి ఒకడు ఆగాడు. "ఏటయింది అన్నా?" "నిద్రొచ్చింది" అన్నాడు జోగి. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా వెళ్లారు. ఆకలి వాళ్లకీ ఉంది. గానుగ మళ్లీ కిర్రుమంది.

బాన అడుగు కనబడింది. చివరి గంజి కాచిన మర్నాడు తల్లమ్మ ఖాళీ బానకు మూత పెట్టి, గుమ్మంలో కూర్చుంది. ఇంక అయిపోయిందనుకుంది. తను ముందే అనుకున్నట్టే అయింది.

అప్పుడు బుల్లమ్మ వచ్చింది. పక్క ఊరిలో ఎడ్లు తోలేవాడి పెళ్లాం. ఎప్పుడూ ఈ పేటలో అడుగుపెట్టని మనిషి. పిడికిలి బిగించి ఉంది. ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్లు, వాళ్లవీ బిగించిన పిడికిళ్లే.

"అప్పా, మాది మీ దేవుడు కాదు. ఎయ్యొచ్చా?"

తల్లమ్మకు ముందు భయమే వేసింది. వీధి అటూ ఇటూ చూసింది. "ఎవులైనా సూసేరా మిమ్మల్ని?"

"అందరూ సూసేరు. మావోళ్లు ఎడ్లు విప్పేసేరు. ఆళ్లనీ అట్టుకుపోతారు కాబోలు."

"మరి పెనం?"

గాలి తిరిగింది. కామందు గానుగ పక్క నుంచి ఘాటుగా, నల్లగా, మాడిపోతున్న రసం వాసన వచ్చింది. తల్లమ్మ పుట్టి ఆ వాసన ఎరగదు. గానుగ చప్పుడు లేదు.

లారీ వస్తుంది. ఈసారి ఇంకా పెద్ద లారీ వస్తుంది. ఆమెకు తెలుసు. భయపడుతూనే లేచి, బాన మూత తీసింది.