ఎర్ర హెల్మెట్ బొమ్మ

నాలుగున్నరకు సుచిన్ తన స్కూటర్‌ను ఆల్చిప్పల గుట్ట పక్కన ఆపి, ఎర్ర హెల్మెట్ చంకలో పెట్టుకుని, త్సాయ్ అవ్వ గడపలో చెప్పులు విడిచింది. యాభై రెండేళ్ల మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. వంగినప్పుడల్లా ఎడమ మోకాలు టక్కుమంటుంది. తోంగ్షి రేవు చుట్టుపక్కల, ఎదుగుదల మందగించిన పిల్లలున్న ఇళ్లకు వెళ్లి నేర్పడం ఆమె ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ఎవరూ ఆమెకు శాలువా కప్పలేదు, ఆమె కూడా ఎదురుచూడలేదు.

అవ్వ పీట మీద కూర్చుని ఆల్చిప్పలు విప్పుతోంది. మనవరాలు యూతోంగ్ ఖాళీ చిప్పలను నేల మీద వరసగా పేరుస్తోంది. పిల్లకు ఆరేళ్లు నిండాయి, వచ్చే వారం బడికి పోతుంది. బడిలో చేరిన పిల్ల ఇంటికి టీచరు రాదు, అది పద్ధతి. అంటే సుచిన్‌కు ఈ ఇంట్లో ఇవాళే ఆఖరు రోజు.

ఏడాది క్రితం ఇక్కడ ముక్కు మూసుకుని కూర్చోవలసి వచ్చేది. సాయంత్రం చెత్తబండి పాట వినబడగానే పిల్ల తలను నేలకేసి కొట్టుకునేది. పిల్లను వదిలి అవ్వ కదలలేకపోయేది. బండి నిమిషం కూడా ఆగదు, సంచి వీధిలో పెడితే ఊరుకోరు. దాంతో సంచులన్నీ వంటింట్లోనే కుళ్లేవి. సుచిన్ పనిచేసే కేంద్రంవాళ్లేమో 'పిల్ల పది నిమిషాలు బల్ల దగ్గర కూర్చోవాలి' అని లక్ష్యం రాసి పంపారు. సుచిన్ కూడా బుద్ధి లేకుండా రెండు నెలలు దాన్నే పట్టుకు వేలాడింది. అవ్వ తలూపేది, చేసేది కాదు. చివరికి సుచిన్ విసుగెత్తి, అసలు నీకేం కావాలని అడిగింది.

"నాకా? నా ఇంటి చెత్త నేను పారేసుకోవాలి," అంది అవ్వ. "ఇన్నాళ్లకి అడిగావు తల్లీ."

సుచిన్‌కు సిగ్గేసింది. పాత లక్ష్యం కొట్టేసి అవ్వ మాటే రాసుకుంది. బండి పాటను ఫోనులోకి ఎక్కించి, వినీ వినబడనంత చిన్నగా మొదలుపెట్టి, వారానికి కాస్త పెంచుతూ వచ్చారు. తలుపు పక్కన బొమ్మలు అతికించారు: బూట్లు, సంచి, ఎర్ర హెల్మెట్, బండి, ఇల్లు. హెల్మెట్ అంటే టీచరు. మాటలు రాని యూతోంగ్ తనకేదైనా కావాలంటే దాని బొమ్మ తీసి చేతికివ్వాలి. ఇస్తే మాత్రం, కొంపలు మునుగుతున్నా సరే, అడిగింది అప్పటికప్పుడు ఇచ్చి తీరాలి. లేకపోతే పిల్లకు బొమ్మల మీద నమ్మకం పోతుంది. ఈ విషయంలో సుచిన్ అవ్వను ఎన్నిసార్లు కసిరిందో.

ఇవాళ చూస్తే వరసలో హెల్మెట్ బొమ్మ లేదు. దాని చోట అవ్వ వంకరటింకరగా గీసిన చేతితొడుగు ఉంది, ఆల్చిప్పలు విప్పేటప్పుడు వేసుకునేది.

"నువ్వెలాగూ ఉండవు కదా, నా బొమ్మ పెట్టుకున్నా," అంది అవ్వ. హెల్మెట్ బొమ్మ ఫ్రిజ్ తలుపు మీదికి మారింది. సుచిన్‌కు ఒక్కక్షణం మనసు చివుక్కుమంది. మరుక్షణం గర్వంగా అనిపించింది. తను నేర్పాలనుకున్నది ఇదే.

అయిదూ ఇరవైకి పాట వినబడింది. ఇవాళ పిల్ల తల కొట్టుకుంటే రేపు ఆపేవాళ్లుండరు. సుచిన్ వాళ్లతో వెళ్లలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. యూతోంగ్ బొమ్మలు చూసింది, బూట్లు తొడుక్కుంది, సంచి తీసుకుంది. సందు మధ్యలో ఆగిపోయి, సంచి కింద పెట్టి రెండు చెవులూ మూసుకుంది. వెనకే వస్తున్న అవ్వ లాగలేదు, అరవలేదు, తొడుగున్న చెయ్యి చాచి ఊరుకుంది. పిల్ల ఒక చెయ్యి దించి సంచి ఎత్తుకుంది. ఎవరీ దొరసాని చెత్త మోస్తోందని ఎదురింటాయన వేళాకోళం చేశాడు. మా యజమానురాలు, దారి వదులు అంది అవ్వ. సంచి బండిలో పడింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి సుచిన్ చెప్పులు వేసుకుని ఉంది. వెళ్లొస్తానని చెప్పింది. యూతోంగ్ తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి నడిచి, హెల్మెట్ బొమ్మ తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ఇన్నాళ్లలో ఆ పిల్ల ఒక మనిషిని అడగడం ఇదే మొదలు.

"అడిగింది అప్పటికప్పుడు ఇవ్వాలన్నది ఎవరు టీచరమ్మా?" అంది అవ్వ, మెల్లగా.

సుచిన్ కళ్లు నిండాయి. పిల్ల అడిగిందేమిటో ఆమెకు బాగా తెలుసు. అయినా చంకలోని హెల్మెట్ తీసి ఆ చిన్న చేతుల్లో పెట్టింది. తన దగ్గర ఇవ్వడానికి ఉన్నది అదే.

పోలీసులు పట్టుకుంటారంటూ అవ్వ, పోయిన మొగుడి పచ్చ హెల్మెట్ మేకు మీంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చింది. అది వదులుగా ఊగింది. సుచిన్ పట్టీ బిగించుకుని స్కూటర్ తిప్పుతూ ఒకసారి లోపలికి చూసింది. నేల మీద పేర్చిన ఆల్చిప్పల వరస చివర ఎర్ర హెల్మెట్ ఉంది.