పైడితల్లి కొంగున ముడులు

జీతాల సాయంత్రం పైడితల్లి పొయ్యి పెందరాళే ఆర్పేసేది. బజ్జీల మూకుడు దింపి, చేతులు కడుక్కుని, పాత నేతచీర భుజం మీద కప్పుకుని పబేడాన్ సందు మొగలో పీట వేసుకు కూర్చునేది. బర్మాలోని రంగం రేవులో బస్తాలు మోసే మనవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "అప్పా, ఓపాలి కొంగియ్యి" అని అడిగి, దాచుకోవాల్సిన డబ్బు ఆ కొంగున ముడేసి పోయేవారు. అప్ప అంటే వాళ్లవైపు అక్క. ఆ మాట అననివాడికి పైడితల్లి కొంగు ఇచ్చేది కాదు. పరాయి ఆడదాని కొంగు ముట్టుకోవడమంటే మాటలా మరి!

ఎవరు వేసిన ముడి వాళ్లకే విడేది. పైడితల్లికి కూడా విడేది కాదు. ఒకసారి ఎవడో దొంగవెధవ చీర ఎత్తుకుపోయి, కత్తి పెట్టి కోసి కోసి, ఆ కత్తి కాస్తా మొండి చేసుకుని, తెల్లారేసరికి చీర మడతపెట్టి మరీ గుమ్మంలో పెట్టి పోయాడు. ఎన్ని ముడులు పడినా కొంగులో చోటు తరిగేది కాదు. అదెలాగని ఎవరూ అడగలేదు. చింతపండు పులుపెందుకని ఎవరైనా అడుగుతారా?

ఊళ్లో బ్యాంకులు లేక కాదు. కోటల్లాంటివి ఉన్నాయి. చెప్పుల్లేని కాళ్లు కనపడితే చాలు, గుమ్మంలో జవాను దూరం నుంచే చెయ్యి ఊపేవాడు. వాణ్ణి దాటినా, హామీ ఎవరిస్తారని లోపల అడిగేవారు. రంగంలో కూలోడికి హామీ ఇచ్చేది ఎవడు? ఊళ్ల నుంచి కూలీల్ని తెచ్చే మేస్త్రీ ఒక్కడే. మేస్త్రీ దగ్గర డబ్బు దాచుకోవడం పిల్లికి పాలు అప్పగించడమే. "నాను సంతకం ఎట్టలేను గానీ ఇంతమంది నమ్మకం మోస్తన్నాను" అని పైడితల్లి మెడ నిక్కించేది. నిక్కించదూ మరి!

అలాంటి పైడితల్లి కొంగుకి జోగి వల్ల పరీక్ష వచ్చింది.

జోగి బస్తాలు మోయడంలో గట్టివాడు. ఏటి అవతలి దలా ఊరి బర్మా పిల్ల ఖిన్ ఖిన్‌ని ఇష్టపడి కట్టుకుని, మూడేళ్లుగా కల్లు జోలికి పోకుండా కూడబెట్టాడు. ఆ ఏడు రేవులో గొలుసు తెగి బరువు మీద పడి, కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆసుపత్రి నుంచి రాగానే వెంకటరాజు మేస్త్రీ వచ్చి నెత్తిన కూర్చున్నాడు.

"సెయ్యి నేని కూలోడు నాకెందుకురా? రంగం తెచ్చినప్పుడిచ్చిన అడ్వాన్సు కట్టు. నేదంటే రేపు స్టీమరెక్కి ఊరెళ్లి నీ తమ్ముణ్ని పంపు. ఆడొచ్చి ఆ బాకీ తీరస్తాడు."

"మరి నా పెళ్లాం?"

"దలా పంపీ."

జోగి ముడిలో ఉన్న డబ్బు బాకీకి సరిపోయి ఇంకా మిగులుతుంది. మేస్త్రీని వెంటపెట్టుకునే వచ్చి పైడితల్లి ముందు కూర్చున్నాడు. ఎడమచేత్తో ముడి లాగాడు. రాలేదు. గోళ్లు విరిగేదాకా లాగాడు. ముడి రాయిలా బిగిసిపోయి ఉంది.

"ఆ సేత్తో యేసినాను గదప్పా! ఆ సెయ్యే పోనాది" అని భోరుమన్నాడు. సందులో అందరికీ నిజమేననిపించింది.

ముసలి వీరన్న తన ముడి మీద చెయ్యి వేశాడు. "నాది తీసుకోరా."

"ఒగ్గెయ్ మావా! అది నీ కూతురి పురిటికి. ఒకరి కష్టం నానెత్తుకోను" అన్నాడు జోగి, ఏడుస్తూనే. ఆ మాటకి పైడితల్లి గుండె ఉప్పొంగింది, ఆ వెంటనే సిగ్గుతో చితికిపోయింది. ఇన్నాళ్లకి తన కొంగు ఒకడి కష్టం మింగేస్తోందే! మేస్త్రీ చుట్ట వెలిగించుకుని నవ్వాడు.

అంతవరకూ పక్కన నిలబడి చూస్తున్న ఖిన్ ఖిన్‌కి విసుగెత్తింది. మొగుణ్ని వాళ్ల బర్మా మర్యాదతో 'కో' అనే పిలిచింది.

"కో జోగీ, పళ్లున్నాయి కదా! కొరుకు."

"ఒలమ్మో!" అంది సందు సందంతా. ఎంగిలి! అప్ప కొంగుకి నోరు పెట్టడమా? అక్కడున్న మనవాళ్లలో ఒక్కడికి ఆ ఊహ వస్తే ఒట్టు.

"సచ్చినా సెయ్యను" అని జోగి వెనక్కి జరిగాడు.

"ఏటి ఎంగిలి? మా అమ్మ సేప ముల్లు తీసి, నమిలి నా నోట్లో ఎట్టీది. నాను సావలేదు కదా!"

పైడితల్లి పక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఒరే జోగీ, తల్లి నమిలిన ముద్ద బిడ్డకి ఎంగిలవదు. అప్పా అని పిల్సిన నోరు నాకెంగిలేట్రా?" అని కొంగు తానే తీసి వాడి నోటికి అందించింది.

జోగి కళ్లు మూసుకుని కొరికాడు. ముడి ఇట్టే విడిపోయింది. రూపాయలు ఖిన్ ఖిన్ ఒడిలోకి జారాయి. చేతిది కాదు, ముడి మనిషిదే! మేస్త్రీ నోట్లో చుట్ట ఆరిపోయింది.

అందరి ముందూ బాకీ చెల్లించి, జోగి నిటారుగా నిలబడ్డాడు. "ఇంక నాను నీ కూలోణ్ని కాను బాబూ. నా తమ్ముడూ కాడు." మేస్త్రీ రూపాయలు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు.

మిగిలిన డబ్బు మళ్లీ దాచాలి కదా. ఒంటిచేత్తో ముడెలా పడుతుంది? ఖిన్ ఖిన్ ముందుకొచ్చింది గానీ పైడితల్లి కొంగు వదల్లేదు. ఆడమనిషి ఎవరూ అంతవరకూ ఆ కొంగు అడగలేదు. అయినా పద్ధతి పద్ధతే.

"అప్పా" అంది ఖిన్ ఖిన్.

ఒక కొస జోగి, ఒక కొస ఖిన్ ఖిన్ పట్టుకుని బిగించారు. ఆ ముడి ఇద్దరూ పట్టుకుంటేనే విడేది. దలా నుంచి ఆమె పడవలో తెచ్చిన చేపలు జోగి సందులో కూర్చుని అమ్మేవాడు. డబ్బు కావాలంటే ఇద్దరూ కలిసే వచ్చేవారు.

మరుసటి జీతాల సాయంత్రానికి పైడితల్లి ముందు ఆడవాళ్లు కూడా బారు తీరారు. మన చీరలవాళ్లు, బర్మా లుంగీలవాళ్లు, అందరి నోటా అప్పా అన్న మాటే. ప్రతి ముడికీ ఇద్దరిద్దరు. పైడితల్లికి ఆనాడు మెడ నిక్కించాలన్న సంగతే గుర్తు రాలేదు.

వీరన్న మాత్రం గొణిగాడు. "ఇంక కల్లుకి డబ్బులెలా తీసీది అప్పా?"

"నీ ఆడదాన్నడుగు."